యాభయ్యో ఉద్యోగి ఖరీదు

అమెరికాలో 49 మంది పూర్తికాలపు సిబ్బందితో నడిచే వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. యజమాని ఎవరికీ ఆరోగ్య బీమా ఇవ్వడం లేదు. పని పెరిగింది, ఇంకొకరిని పెట్టుకోవాలి. ఆ ఒక్కరికి ఎంత జీతం ఇవ్వాలో యజమానికి తెలుసు. కానీ లెక్క జీతంతో ఆగదు. సిబ్బంది సంఖ్య 50కి చేరి ఏడాది సగటు కూడా అక్కడే నిలిస్తే, మరుసటి ఏడాది నుంచి ఆ వ్యాపారం ఒబామాకేర్ చట్టం దృష్టిలో 'పెద్ద యజమాని' అయిపోతుంది. అప్పటికీ బీమా ఇవ్వకపోతే, సిబ్బందిలో ఒక్కరు ప్రభుత్వ రాయితీతో బయట బీమా కొనుక్కున్నా చాలు, జరిమానా పడుతుంది. 2026 రేటు తలకు 3,340 డాలర్లు. మొదటి 30 మందిని లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి మిగిలిన 20 మందికి కట్టాలి. మొత్తం 66,800 డాలర్లు, అదీ ఏటా. 49 మంది ఉన్నప్పుడు ఇదే మొత్తం సున్నా.

జీతాలు, ప్రీమియాలు వ్యాపార ఖర్చు కింద పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. ఈ జరిమానాకు ఆ వెసులుబాటు లేదు. 21 శాతం కార్పొరేట్ పన్ను కట్టే సంస్థకు 66,800 డాలర్ల జరిమానా అంటే సుమారు 84,500 డాలర్ల జీతాల ఖర్చుతో సమానం. యాభయ్యో ఉద్యోగి తన జీతంతో పాటు ఇంకో ఇద్దరి జీతాన్ని కూడా వెంటబెట్టుకొచ్చినట్టు.

ఒబామాకేర్ అని అందరూ పిలిచే 2010 నాటి చట్టంలోని యజమాని నిబంధన మీద వాదన మొదలైనప్పుడల్లా ఈ 50 అనే అంకె చుట్టూనే తిరుగుతుంది. చిన్న వ్యాపారాల సంఘాలు దీన్ని ఉద్యోగాలను మింగే నిబంధన అంటాయి. చట్టాన్ని సమర్థించేవాళ్లు మాత్రం అమెరికాలో దాదాపు 96 శాతం సంస్థల్లో 50 మంది కూడా లేరని, నిబంధన వాటిని తాకనే తాకదని గుర్తు చేస్తారు. రెండు మాటలూ నిజమే. చిక్కేమిటంటే, చట్టం తాకని ఆ 96 శాతం మీద కూడా బీమా భారం ఉంది. అది చట్టం పెట్టిన భారం కాదు, బీమా మార్కెట్ పెట్టినది. రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్లే ఈ చర్చ ఏళ్ల తరబడి ఒక్క అడుగు ముందుకు పడలేదు.

అసలు ఉద్యోగి గుండె ఆపరేషన్‌కూ యజమాని గల్లాపెట్టెకూ సంబంధం ఎలా కుదిరింది? ఇది ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. 1929లో డల్లాస్‌లోని బేలర్ ఆసుపత్రి అక్కడి బడి పంతుళ్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజుల వరకు ఆసుపత్రి ఖర్చు తాము చూసుకుంటామని చెప్పింది. తర్వాత బ్లూ క్రాస్ అనే ఆరోగ్య బీమా సంస్థలుగా ఎదిగిన పద్ధతికి ఇదే మొలక. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ధరలు అదుపు తప్పకుండా 1942లో జీతాలకు కళ్లెం వేశారు. మగవాళ్లంతా యుద్ధంలో ఉన్నారు, ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి, జీతం పెంచే వీలు లేదు. అయితే బీమా లాంటి సౌకర్యాలు ఆ కళ్లెం కిందికి రావన్నారు. కంపెనీలు ఆ సందులోంచి దూరాయి. యజమాని కట్టే ప్రీమియం మీద ఉద్యోగి ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. యుద్ధకాలపు అతుకు అలా శాశ్వతమైపోయింది.

పెద్ద కంపెనీలకు ఈ ఏర్పాటు అచ్చొచ్చింది. పదివేల మంది ఉన్న చోట పదిమందికి క్యాన్సర్ వచ్చినా సగటు పెద్దగా కదలదు. బీమా కంపెనీతో బేరమాడటానికి ఒక విభాగమే ఉంటుంది. చాలా పెద్ద సంస్థలు అసలు బీమా కొనవు. వైద్య ఖర్చును సొంతంగా భరిస్తూ, బిల్లులు చూసే పని మాత్రం బీమా కంపెనీకి అప్పగిస్తాయి. ఎనిమిది మంది పనిచేసే వర్క్‌షాపుకు ఇవేవీ అందుబాటులో ఉండవు. అక్కడ ఒక్కరికి మూత్రపిండాలు చెడిపోతే అంతా తారుమారయ్యేది. 2014కు ముందు చాలా రాష్ట్రాల్లో అలాంటి జబ్బుల్ని చూసి చిన్న సంస్థ ప్రీమియం పెంచే వీలుండేది. జబ్బు ఎవరిదో ఆఫీసులో అందరికీ తెలుసు. ప్రీమియం ఎందుకు పెరిగిందో కూడా తెలుసు. ఆ ఉద్యోగి రోజూ ఎలా ముఖం చూపించాలి?

నిబంధన పెట్టాలన్న ఆలోచన ఒబామాతో మొదలైంది కాదు. యజమానులు బీమా ఇచ్చి తీరాలని నిక్సన్ 1970ల తొలినాళ్లలోనే ప్రతిపాదించాడు. కాంగ్రెస్‌లో అది గట్టెక్కలేదు. 1993లో క్లింటన్ ప్రభుత్వం సగటు ప్రీమియంలో 80 శాతం యజమానే భరించాలని ప్రతిపాదించింది. అయితే మొత్తం జీతాల ఖర్చులో 7.9 శాతం దాటకుండా గరిష్ఠ పరిమితి పెట్టింది. తక్కువ జీతాలిచ్చే చిన్న సంస్థలకు ఆ పరిమితిని 3.5 శాతం దాకా దించింది. కాగితం మీద చూస్తే ఇది ఒబామాకేర్ కంటే చిన్నవాళ్ల పట్ల మెత్తనైన ఏర్పాటు, ఎందుకంటే ఇందులో కొండ అంచు లాంటి గీత లేదు, ఏటవాలు ఉంది. అయినా చిన్న వ్యాపారాల జాతీయ సమాఖ్య ఎన్ఎఫ్ఐబీ దాన్ని గట్టిగా ఎదిరించింది. 1994లో ఆ బిల్లు ఓటు దాకా కూడా రాకుండానే చచ్చిపోయింది. ఆ దెబ్బ గుర్తున్నవాళ్లే 2010 చట్టం రాశారు. అందుకే ఈసారి చిన్నవాళ్లను పూర్తిగా పక్కన పెట్టారు. పక్కన పెట్టాలంటే ఎక్కడో ఒక గీత గీయాలి. 50 దగ్గర గీశారు.

రాష్ట్రాలు మరో రకంగా ప్రయత్నించాయి. మసాచుసెట్స్ 2006లో 11 మంది, ఆపైన ఉన్న సంస్థలు తగిన బీమా ఇవ్వకపోతే మనిషికి ఏటా 295 డాలర్ల వరకు కట్టాలంది. అంత చిన్న మొత్తానికి ఎవరూ ఉద్యోగాలు తీసేయరు, ఎవరూ బీమా కొత్తగా మొదలుపెట్టరు కూడా. జరిమానా కంటే చందా అనడమే నయం. కాలిఫోర్నియా 2003లో చట్టం చేస్తే వ్యాపార వర్గాలు దాన్ని ప్రజాభిప్రాయానికి లాగాయి. 2004 నవంబరులో స్వల్ప తేడాతో ఆ చట్టం ఓడిపోయింది. మేరీల్యాండ్ 2006లో పదివేల మందికి పైగా పనిచేసే సంస్థలకు మాత్రమే వర్తించే చట్టం తెచ్చింది. ఆ సంఖ్య వాల్‌మార్ట్‌ను ఉద్దేశించిందే. మరుసటి ఏడాదే అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కారణం ఎరిసా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం. ఉద్యోగుల సౌకర్యాల విషయంలో రాష్ట్రాలు తలదూర్చకుండా అది అడ్డుగోడ కట్టింది.

ఆ గోడ దాటిన రాష్ట్రం ఒక్కటే, హవాయి. ఎరిసా మీద సంతకం పడటానికి కొద్ది నెలల ముందే 1974లో హవాయి తన చట్టం చేసుకుంది. కోర్టులు అడ్డుపడ్డా 1983లో కాంగ్రెస్ ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. అక్కడ 50 లాంటి గీత లేదు. ఒక్క ఉద్యోగి ఉన్నా సరే, నాలుగు వారాలు వరసగా వారానికి 20 గంటలు చేసినవాళ్లకు బీమా ఇవ్వాలి. ఉద్యోగి వాటా జీతంలో 1.5 శాతం మించకూడదు. చిన్న వ్యాపారాలు మూతపడతాయని అన్నారు. మూడు దశాబ్దాల అనుభవాన్ని బుక్‌ముల్లర్, డినార్డో, వలెటా అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. జీతాలు తగ్గినట్టు గానీ మొత్తం ఉద్యోగాలు తగ్గినట్టు గానీ గట్టి ఆధారం దొరకలేదు. దొరికింది ఇంకొకటి. వారానికి 20 గంటల లోపు పనిచేసేవాళ్ల వాటా పెరిగింది. భయపడినంత విధ్వంసం జరగలేదు, అలాగని నిబంధన ఊరికే కూర్చోలేదు. సంఖ్య మీద గీత లేని చోట గంటల మీద గీత పనిచేసింది.

ఒబామాకేర్‌లో రెండు గీతలూ ఉన్నాయి. సంఖ్య 50, గంటలు 30. చికాగో ఆర్థికవేత్త కేసీ మల్లిగన్ వీటి వల్ల పుట్టేవాళ్లకు '49 వాళ్లు', '29 వాళ్లు' అని పేర్లు పెట్టాడు. మొదటి రకం, యాభై దాటకుండా ఆగిపోయే సంస్థలు. రెండో రకం, ముప్ఫై గంటలు రాకుండా షిఫ్టులు కత్తిరించబడే కార్మికులు. మల్లిగన్ ఈ చట్టానికి బాహాటమైన విమర్శకుడు కాబట్టి అతని అంచనాలను కాస్త జాగ్రత్తగా చదవాలి. దేశం మొత్తం గణాంకాల్లో పార్ట్ టైమ్ ఉద్యోగాల పెద్ద అల ఏదీ లేవలేదు. కానీ దేశ సగటులో కనిపించనిది హోటళ్లలో, దుకాణాల్లో కనిపించవచ్చు. వారానికి 34 గంటల నుంచి 28కి పడిపోయిన మనిషి కోల్పోయేది బీమా ఒక్కటే కాదు, ఆరు గంటల కూలి కూడా.

గీత ఎక్కడుందో తెలుసుకోవడమే ఒక పని. పార్ట్ టైమ్ వాళ్లు లెక్కలోకి రారని చాలామంది అనుకుంటారు. వస్తారు. నెలలో వాళ్లందరి గంటలూ కూడి 120తో భాగిస్తారు, వచ్చిన అంకెను పూర్తికాలపు సిబ్బందికి కలుపుతారు. ఉదాహరణకు 30 మంది పూర్తికాలం, 40 మంది నెలకు 60 గంటల చొప్పున చేసేవాళ్లు ఉన్నారనుకుందాం. 2,400 గంటలను 120తో భాగిస్తే 20. మొత్తం 50. ఆ సంస్థ పెద్ద యజమాని అయిపోయింది. తమాషా ఏమిటంటే జరిమానా వేసేటప్పుడు మాత్రం పూర్తికాలపు వాళ్లనే లెక్కపెడతారు, అందులోంచీ 30 తీసేస్తారు. అంటే ఈ సంస్థకు జరిమానా సున్నా. అయితే ప్రతి నెలా గంటల లెక్క రాసిపెట్టడం, ఏటా పన్ను శాఖకు ఫారాలు పంపడం తప్పదు. రూపాయి భారం లేదు గానీ మోపెడు కాగితాలున్నాయి అన్నట్టు.

యాజమాన్యం ఒక్కటే అయితే వేర్వేరు వ్యాపారాలను కలిపి లెక్కపెట్టడం ఇంకో మెలిక. ఒకే మనిషికి మూడు చోట్ల మూడు హోటళ్లు, ఒక్కోదాంట్లో పద్దెనిమిది మంది పూర్తికాలపు సిబ్బంది ఉంటే చట్టానికి అవి మూడు చిన్న హోటళ్లు కావు, 54 మంది ఉన్న ఒకే సంస్థ. మూడింటికి మూడు కంపెనీలు రిజిస్టర్ చేసినా తేడా లేదు. సీజనులో మాత్రమే పెరిగే వ్యాపారాలకు ఓ మినహాయింపు ఉంది. ఏడాదిలో 120 రోజులకు మించకుండా 50 దాటి, ఆ దాటినవాళ్లంతా సీజను కూలీలే అయితే పెద్ద యజమాని ముద్ర పడదు. ఇది తెలియక అనవసరంగా హడలిపోయేవాళ్లూ ఉంటారు.

కాగితాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చిన్నవాడి మీద అసమానంగా పడేది ఇదే. ప్రీమియం మనిషికింత అని ఉంటుంది, సంస్థ సైజుతో పాటు పెరుగుతుంది. కాగితాల ఖర్చు అలా కాదు. 60 మందికైనా 6,000 మందికైనా అర్థం చేసుకోవలసిన నియమాలు ఒకటే. గంటలు స్థిరంగా లేని ఉద్యోగి పూర్తికాలమా కాదా తేల్చడానికి మూడు నుంచి పన్నెండు నెలల వెనకటి గంటలు కొలవాలి. ఇచ్చిన బీమా 'భరించగలిగేది' అని నిరూపించడానికి ఉద్యోగి వాటా ఆదాయంలో నిర్ణీత శాతం మించకూడదు. ఆ శాతం ఏటా మారుతుంది. 2024లో 8.39, 2025లో 9.02, 2026లో 9.96. ప్రతి పూర్తికాలపు ఉద్యోగి పేరునా 1095-సి ఫారం తయారుచేయాలి. నెలవారీ గళ్లలో కోడ్‌లు నింపాలి. ఒక కోడ్ తప్పితే నిజంగా బీమా ఇచ్చిన యజమానికి కూడా 226-జె అనే ఉత్తరం రావచ్చు, అందులో జరిమానా ప్రతిపాదన ఉంటుంది. జవాబుకు 30 రోజులే గడువిచ్చేవాళ్లు. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం దాన్ని 90 రోజులకు పెంచింది, పాత ఏళ్ల తప్పులను పన్ను శాఖ ఎప్పటికైనా తవ్వితీసే వీలు లేకుండా ఆరేళ్ల హద్దు కూడా పెట్టింది. నిబంధన అమల్లోకి వచ్చిన దాదాపు పదేళ్లకు గానీ ఈ మాత్రం ఊరట దొరకలేదు.

అమలు కూడా ఒకేసారి జరగలేదు. 2014 జనవరిలో మొదలు కావలసింది. 2013 జులై 2న, అమెరికా స్వాతంత్ర్య దినం సెలవుల ముందు, ట్రెజరీ శాఖ తన వెబ్‌సైట్‌లో ఏడాది వాయిదా ప్రకటించింది. తర్వాత 100 మంది, ఆపైన ఉన్న సంస్థలకు 2015 నుంచి, 50 నుంచి 99 వరకు ఉన్నవాటికి 2016 నుంచి అన్నారు. ప్రభుత్వమే సిద్ధంగా లేని పనిని యాభై మంది సంస్థ సిద్ధంగా ఉండి చేయాలని అడిగారన్న మాట. చట్టానికి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012 తీర్పుకు తన పేరే తగిలించుకున్నది ఆ ఎన్ఎఫ్ఐబీయే. కానీ ఆ కేసులో ప్రధానంగా సవాలు చేసింది వ్యక్తులు బీమా కొనుక్కోవాలన్న నిబంధనను. వ్యక్తుల జరిమానాను 2017 పన్ను చట్టం 2019 నుంచి సున్నా చేసేసింది. యజమాని జరిమానా అలాగే ఉంది, దాదాపు ఏటా పెరుగుతూ.

ఇక భారం చివరికి ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న. ఆర్థికవేత్తల జవాబు యజమానులు చెప్పేదానికి దూరంగా ఉంటుంది. యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగికి విలువైనదే అయితే, ఆ మేరకు జీతం పెరగకుండా ఆగుతుందని, కాబట్టి భారం ఉద్యోగికే బదిలీ అవుతుందని లారెన్స్ సమ్మర్స్ 1989లో వాదించాడు. కాన్పు ఖర్చులను బీమాలో తప్పనిసరి చేసిన రాష్ట్రాలను జొనాథన్ గ్రూబర్ పరిశీలించి 1994లో ఇదే చూపించాడు. ఖర్చు దాదాపు మొత్తం కాన్పు వయసు మహిళల జీతాల్లో సర్దుకుంది. యజమాని మాత్రం చెక్కు తనే రాస్తున్నాడు కాబట్టి భారం తనదే అనుకుంటాడు.

ఈ సూత్రం ఒక చోట బొత్తిగా పనిచేయదు. జీతం నేలను తాకుతున్న చోట. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. ఏడాదికి 2,080 గంటలు చేస్తే 15,080. యజమానుల బీమా మీద ఏటా సర్వే చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో ఒక్క మనిషి బీమా సగటు ప్రీమియం 8,951 డాలర్లు. అందులో ఉద్యోగులు సగటున 1,368 కట్టారు, మిగిలిన 7,583 యజమాని వాటా. అంటే కనీస వేతనం మనిషి ఖర్చు ఒక్కసారిగా సగం పెరుగుతుంది. కనీస వేతనం కంటే జీతం తగ్గించడం చట్టవిరుద్ధం. కాబట్టి మిగిలిన దారులు ధర పెంచడం, లాభం వదులుకోవడం, గంటలు కోయడం, మనిషిని పెట్టుకోకపోవడం. ఇంజనీరింగ్ సేవల సంస్థకు బీమా ఒక ఖర్చు పద్దు. అంట్లు తోమేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు ఎక్కువగా ఉన్న వ్యాపారానికి అది బతుకు సమస్య. చట్టం మాత్రం సంస్థలో ఎంతమంది ఉన్నారనే అడుగుతుంది, ఎంత జీతం వాళ్లని అడగదు. చిన్న వ్యాపారం అనే మాట ఒకటే కావచ్చు, దాని కింద ఉన్నవి రెండు వేర్వేరు లోకాలు.

ఇప్పుడు గీతకు దిగువన ఉన్నవాళ్ల సంగతి. వాళ్లను చట్టం ఏమీ అడగదు. కానీ పక్క ఊళ్లో పెద్ద కంపెనీ బీమా ఇస్తుంటే మంచి మెకానిక్ ఎనిమిది మంది షాపులో ఎందుకుంటాడు? బీమా పోతుందన్న భయంతో ఇష్టం లేని పెద్ద ఉద్యోగాన్నే పట్టుకు వేలాడేవాళ్ల గురించి బ్రిజిట్ మాడ్రియన్ అనే ఆర్థికవేత్త 1994లోనే పరిశోధన చేసింది. ఆ భయం ఇద్దరినీ కట్టేస్తుంది, సొంత వ్యాపారం పెట్టాలనుకునే ఉద్యోగినీ, అలాంటివాళ్లను పనిలోకి పిలవాలనుకునే చిన్న యజమానినీ. అందుకే మెడ మీద కత్తి లేకపోయినా చాలామంది చిన్నవాళ్లు బీమా ఇవ్వాలనే చూస్తారు. ఇవ్వబోతే తెలుస్తుంది అందులోని కష్టం. సిబ్బందిలో సుమారు 70 శాతం చేరితే గానీ పాలసీ ఇవ్వమని బీమా కంపెనీ అంటుంది. ఆరుగురిలో ముగ్గురు భార్య లేదా భర్త ద్వారా ఇప్పటికే బీమా ఉన్నవాళ్లయితే వాళ్లను సాధారణంగా లెక్కలోంచి తీసేస్తారు, మిగిలిన ముగ్గురిలో ఒక కుర్రాడు నాకెందుకు అంటే చిక్కొస్తుంది. ఏటా నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు ఈ షరతు లేకుండా ఇవ్వాలన్న ఫెడరల్ నియమం ఉంది. ఏడాదిలో ఒక్క నెల. తెలిసినవాడికి వరం, తెలియనివాడికి అది మామూలు నెల.

జబ్బులను బట్టి ప్రీమియం పెంచడాన్ని 2014 నుంచి నిషేధించారు. చిన్న సంస్థల మార్కెట్లో వయసు, ఊరు, పొగాకు, కుటుంబ సభ్యుల సంఖ్య మాత్రమే చూడాలి. మొత్తం మీద ఇది మేలు చేసింది. అయితే మేలు అందరికీ సమానం కాదు. కుర్ర సిబ్బంది ఉన్న సంస్థలు ఇంతకు ముందు కంటే ఎక్కువ కట్టాల్సి వచ్చింది. వాళ్లు ఊరుకోలేదు. పెద్ద కంపెనీల మాదిరి సొంత పూచీ పద్ధతి చిన్న సైజులో అమ్మకానికి వచ్చింది. నెలకింత అని కట్టించుకుని, ఖర్చు హద్దు దాటితే ఆదుకునే అదనపు బీమాను దానికి జోడిస్తారు. సాంకేతికంగా అది బీమా కొనడం కాదు కాబట్టి పై నియమాలు వర్తించవు. ఆరోగ్య వివరాలు అడిగి మరీ ధర చెబుతారు. ఆరోగ్యవంతమైన సంస్థలు ఒక్కొక్కటే అటు జారుకుంటే, ఉమ్మడి మార్కెట్లో మిగిలేది వయసు మళ్లినవాళ్లు, జబ్బులున్నవాళ్లు. వాళ్ల ప్రీమియం పెరుగుతుంది, ఇంకొందరు జారుకుంటారు. పదిమంది ఉన్న ఒక సంస్థకు తెలివైన నిర్ణయం పక్కనున్న పదిమంది సంస్థకు బరువవుతుంది. జరిమానా గురించి జరిగినంత గొడవ దీని గురించి జరగదు. తలచుకుంటే ఎక్కువమందిని తాకేది ఇదే.

చిన్నవాళ్లకు సాయం చేయడానికి చట్టంలో పెట్టిన రెండు ఏర్పాట్లూ ఆశించినంత పనిచేయలేదు. ఒకటి పన్ను రాయితీ. 25 మంది లోపు ఉండి, సగటు జీతం తక్కువైన సంస్థలకు ప్రీమియంలో సగం దాకా తిరిగి ఇస్తామన్నారు. అర్హులు లక్షల్లో, అంచనాను బట్టి 14 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటారనుకుంటే, 2010లో దాన్ని వాడుకున్నది 1,70,300 సంస్థలేనని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2012లో తేల్చింది. కారణాలు అర్థం కానివేమీ కావు. అంత తక్కువ జీతాలిచ్చే సంస్థలు అసలు బీమాయే ఇవ్వవు. ఇచ్చేవాళ్లకు, సంస్థ సైజు పదిమంది దాటగానే లేదా జీతం కాస్త పెరగగానే రాయితీ కరిగిపోతుంది. 2014 నుంచి వరసగా రెండేళ్లకే పరిమితం చేశారు. లెక్కగట్టడానికి అకౌంటెంటుకు ఇచ్చే ఫీజు, వచ్చే రాయితీ పక్కపక్కన పెట్టి చూసి చాలామంది వదిలేసి ఉంటారు. రెండోది షాప్ అనే చిన్న వ్యాపారాల బీమా సంత. చిన్నవాళ్లందరినీ ఒక చోట చేర్చి బేరమాడే బలం ఇవ్వాలన్నది ఆలోచన. రాయితీ కావాలంటే అక్కడే కొనాలన్నా జనం రాలేదు. 2018 నుంచి ఫెడరల్ వెబ్‌సైట్ ద్వారా అందులో చేరే పద్ధతినే ఆపేసి, బ్రోకర్ దగ్గరికో కంపెనీ దగ్గరికో వెళ్లమన్నారు.

మరి నిబంధన ఎత్తేస్తే? యాభై పైబడిన సంస్థల్లో అత్యధికం చట్టం రాకముందే బీమా ఇస్తున్నాయి. కాబట్టి ఎత్తేసినా అవి రాత్రికి రాత్రి మానేయవు. మానేసే కొద్దిమంది సిబ్బంది, వ్యక్తులు ప్రభుత్వ రాయితీతో బీమా కొనుక్కునే మార్కెట్‌కు, అంటే పన్ను కట్టేవాళ్ల మీదికి వస్తారు. నిబంధన అక్కడ ఉన్నది ప్రధానంగా అందుకే, ఆ తలుపు మూసి ఉంచడానికి. బీమా ఇచ్చే హోటల్ పక్కన ఇవ్వని హోటల్ తక్కువ ధరకు భోజనం పెట్టి, తన సిబ్బంది వైద్యాన్ని ప్రభుత్వం నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు. బీమా ఇచ్చే చిన్న యజమాని మాట ఈ చర్చలో అరుదుగా వినపడుతుంది. తప్పు నిబంధన ఉండటంలో కంటే దాని ఆకారంలో ఉంది. జీతాల మొత్తం మీద శాతంగా, చిన్నవాళ్లకు తక్కువగా మొదలై మెల్లగా పెరిగేలా పెడితే యాభయ్యో మనిషికి ప్రత్యేకమైన ఖరీదంటూ ఉండదు. ఇలాంటి ఏటవాలు 1993లోనే కాగితం మీద ఉంది.

ఇంకో దారి నెమ్మదిగా తెరుచుకుంటోంది. పాలసీ కొనే పని యజమానికి తప్పించి, డబ్బు మాత్రం ఇప్పించడం. 2016 డిసెంబరులో వచ్చిన చట్టం 50 మంది లోపు సంస్థలు సిబ్బందికి పన్ను లేని సొమ్ము ఇచ్చి, సొంతంగా బీమా కొనుక్కోమనే వీలు కల్పించింది. 2020 నుంచి ఏ సైజు సంస్థ అయినా ఇలా చేయవచ్చు, ఎవరెంత ఇవ్వాలో ముందే తేలిపోతుంది, ఒకరి జబ్బు ఇంకొకరి ప్రీమియం మీద పడదు. ఎనిమిది మంది షాపు బీమా కంపెనీ పాత్రలోంచి బయటపడుతుంది. అయితే ఈ పద్ధతి బరువంతా వ్యక్తుల మార్కెట్ మీద ఆనుకుని ఉంది. ఆ మార్కెట్లో ధరలు 2021 నుంచి అదనపు ప్రభుత్వ రాయితీలతో చాలామందికి అందుబాటులోకి వచ్చాయి. యజమాని ఏమీ ఇవ్వని సంస్థల సిబ్బంది, తమకు తామే బీమా కొనుక్కునే చిన్న వ్యాపారులు కూడా అక్కడే నీడ చూసుకున్నారు. ఆ అదనపు రాయితీలను 2025 చివరితో ముగిసేలా చట్టంలో రాశారు. అవి లేని ధరతో బయట కొనుక్కోలేని మెకానిక్ తిరిగి యజమాని వైపే చూస్తాడు. అతని షాపులో ఎనిమిది మందే ఉన్నా, చట్టం ఏమీ అడగకపోయినా.